భీమ్లా దూకిన దూరం

9-10-1985, బుధవారం

ఎరువుల కొట్టువాళ్ళు ఈ ఏడు మొదట్లో ఇచ్చిన డైరీ ఇది. ఇన్నాళ్ళూ బియ్యం డబ్బా మీద మూతగా ఉంది. ఈ రోజు దులిపి తీశాను. నాగేంద్రమ్మ చూసి, "ఇందులో ఏం రాస్తావు? నువ్వు నోరు తెరిచేది అన్నానికీ ఆవలింతకీ" అంది. పెళ్ళయి నలభై రెండేళ్ళు. ఆమె అన్నది నిజమే.

పొద్దున రాందాస్ వచ్చాడు. నేను అటెండరుగా చేసిన కాలేజీలో ఇప్పుడు ఆటల మాస్టరు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"కాకా, మన బసవపున్నయ్య సారుకు సన్మానం జేస్తున్నం. నవంబరు పదిహేడు, ఆదివారం. మన కాలేజిల సదివి, జంపులు దుంకి, గిప్పుడు నాలుగు మిల్లులు, లారీలు, మిల్లర్ల సంఘానికి పెద్ద. గసొంటోళ్ళను మనమే యాది జేసుకోకపోతే ఎట్ల?"

మంచిదే అన్నాను.

"అరవై తొమ్మిదిల జిల్లా పోటీలల్ల ఫస్టు వచ్చిండు గదా. గా రికార్డు పుస్తకం చెదలు తిన్నది. దుంకిన గుంట యాడ ఉండెనో గూడ ఎవలకు ఎర్కలేదు. గప్పుడు గుంట కాడ నిలవడ్డది మీరే అంటున్నరు."

నేనే అన్నాను.

"ఇంకేంది మరి! మీరే జాగ చూపియ్యాలె."

టీ తాగి, సైకిలెక్కి పోయాడు.

గుంట దగ్గర నిలబడ్డది నేనే. కర్ర పట్టుకున్నది నేనే. చూసిందే చూపించాను.

10-10-85

ఊకలో గుర్తు నిలవదు. ఆ చోట ఎవరు నిలబడ్డా అంతే. చూసిందే చూపించాను.

12-10-85, శనివారం

సాయంత్రం భీమ్లా వచ్చాడు. మా ఎకరం పొలం ఆరేళ్ళుగా పాలుకు చేస్తున్నది అతనే. పొలం సంగతి చెప్పడానికని వస్తాడు. చెప్పాల్సింది రెండు మాటలు. కూర్చునేది గంట. అరుగు మీద కూర్చుని తండా కబుర్లన్నీ చెబుతాడు. నేను వింటాను. రిటైరయ్యాక నా ఇంటికి పని లేకుండా వచ్చే మనిషి అతనొక్కడే.

ఈ రోజు మొహం వెలిగిపోతోంది.

"కాకా, ఇన్నవా? నన్ను గూడ స్టేజి మీదికి పిలుస్తరంట! రాందాస్ సారు తండకొచ్చి చెప్పిండు."

నాగేంద్రమ్మ టీ గ్లాసు అందిస్తూ, "గెలిచినవాడికి దండ వేస్తారు. ఓడినవాడివి నీకెందుకురా స్టేజీ?" అంది.

"గట్ల అనకమ్మా. ఓడిన, కానీ ఎవలతోని ఓడిన? నాలుగు మిల్లులాయనతోని. ఎంతల ఓడిన? రెండు వేళ్ళు." రెండు వేళ్ళు అడ్డంగా పెట్టి ఆమె కళ్ళ ముందు ఆడించాడు. "తండల పోరగాళ్ళు గిప్పటికీ నన్ను రెండు వేళ్ళ భీమ్లా అనే అంటరు. చెరుకు కోతకు కూలోళ్ళను తీసుకపోయే ముకద్దం గూడ గట్లనే పిలుస్తడు."

"అదేదో బిరుదన్నట్టు!"

"మాకు గదే బిరుదమ్మా. మా తండల కాలేజి గేటు దాటినోణ్ణి నేనొక్కన్నే."

ఇద్దరూ నవ్వుకున్నారు. నేను గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాను.

పోయేముందు ఇంకో మాట చెప్పాడు. సన్మానం రోజు రాందాస్ అందరి ముందూ పున్నయ్యను అడుగుతాడట, భీమ్లాకు మిల్లులో కాంటా దగ్గర పని ఇప్పించమని. ఏటా పంట కోతలు కాగానే భీమ్లా, అతని భార్య దేవీబాయి పిల్లను తీసుకుని లారీ ఎక్కుతారు. అటు మహారాష్ట్రలో ఐదు నెలలు చెరుకు నరుకుతారు. పిల్ల దేవ్లి మూడో తరగతి. పోయిన ఏడు కూడా మూడో తరగతే.

"గీ పని దొరికిందనుకో, పోరి బడి బందుగాదు. కాకా, గది ఒక్కటైతే సాలు."

15-10-85, మంగళవారం

ఒకసారి వరసగా రాసుకుంటే మనసు కుదుటపడుతుందేమో.

ఆ ఏడు తెలంగాణ గొడవలతో కాలేజీలు నెలల తరబడి మూతపడ్డాయి. తెరిచాక ఆటలు పెట్టారు. అప్పటికి వానలు. మంజీర నిండుగా పారుతోంది. ఇసుకకు బండి దిగే వీలు లేదు. లాంగ్ జంప్ గుంటలో ఇసుక బదులు ఊక పోయమన్నారు. మిల్లు నుంచి నాలుగు బళ్ళు తోలించి పోశాను. మెత్తగా ఉంది, పిల్లలకు దెబ్బ తగలదు అని అందరూ మెచ్చుకున్నారు.

ఒకటే చిక్కు. ఇసుకలో మడమ దిగితే అచ్చు అలాగే ఉంటుంది. ఊకలో కాలు తీయగానే చుట్టూ ఉన్నది జారి పూడుకుపోతుంది. మాస్టరు టేపు పట్టుకుని వచ్చేసరికి అక్కడేమీ ఉండదు. అందుకని గుంట పక్కన ఒక మనిషి నిలబడాలి. మడమ పడీ పడగానే ఆ చోట కర్ర గుచ్చాలి. కర్ర దాకా టేపు పెడతారు. ఆ మనిషిని నేను.

బసవపున్నయ్య మంచి దూకు పంతొమ్మిది అడుగుల నాలుగు అంగుళాలు. అది సరిగానే గుచ్చాను. ఆఖర్న భీమ్లా దూకాడు. కర్ర గుచ్చాను. టేపు పెట్టారు. రెండు వేళ్ళు తక్కువ.

సరిగ్గా అప్పుడే గాలి వీచింది. ఊక లేచి కళ్ళలో పడింది. గాలికి నేనేం చేయను?

16-10-85

పొలానికి వెళ్ళాను. వరి వెన్ను వేసింది. బాగుంది.

18-10-85

ఆ రోజు గాలి లేదు.

22-10-85, మంగళవారం

దసరా. అందరూ జమ్మి ఆకు తెచ్చి చేతిలో పెట్టారు. భీమ్లా కూడా పెట్టి, కాళ్ళకు దండం పెట్టబోయాడు. వద్దని చేయి పట్టుకున్నాను. చాలాసేపు వదల్లేదట. నాగేంద్రమ్మ తర్వాత అడిగింది, "వాడి చేతిలో ఏం వెతుకుతున్నావు?" అని.

24-10-85, గురువారం

రాస్తాను. చదివేవాళ్ళెవరూ లేరు.

పున్నయ్య తండ్రి బసవయ్య గారు మమ్మల్ని కృష్ణ ఒడ్డు నుంచి ఇక్కడికి తీసుకొచ్చిన మనిషి. అప్పుడు మాకు తినడానికి లేదు. వర్ని దగ్గర వాళ్ళ పాకలో రెండేళ్ళు ఉన్నాం. కాలేజీ వాళ్ళతో మాట్లాడి అటెండరు పని ఇప్పించింది ఆయనే. మా ఎకరం కూడా ఆయన దగ్గరుండి ఇప్పించిందే.

అరవై తొమ్మిదిలో కోస్తా నుంచి వచ్చినవాళ్ళం బజారుకు వెళ్ళాలన్నా బిక్కుబిక్కుమంటూ వెళ్ళేవాళ్ళం. మమ్మల్ని ఎవరూ ఏమీ చేయలేదు. అయినా భయం. ఆటల రోజు మా వాళ్ళు చాలామంది వచ్చి ఒక పక్కగా నిలబడ్డారు. గెలిచినవాడు హైదరాబాదు పోటీలకు వెళ్తాడు. అక్కడి కాలేజీలో సీటు కూడా ఇస్తామన్నారు.

భీమ్లా ఆఖరి దూకు నా కళ్ళ ముందే ఉంది. వాడు గాల్లో ఉన్నప్పుడే తెలిసింది, ఎక్కువ పోతున్నాడని. మడమలు పున్నయ్య పడ్డచోటు దాటి పడ్డాయి. బాగా దాటి పడ్డాయి. గుంటకు అవతల బసవయ్య గారు నిలబడి ఉన్నారు. ఆయన ఒక్క మాట అనలేదు. సైగ చేయలేదు. నన్ను చూశారు. అంతే.

కర్ర జానెడు వెనక గుచ్చాను.

భీమ్లా లేచి, ఒంటి మీది ఊక దులుపుకుని వెనక్కి చూశాడు. ఊక అప్పటికే పూడుకుంది. కర్రను చూశాడు. నన్ను చూశాడు. "గంతేనా?" అన్నాడు.

తల ఊపాను.

25-10-85

బసవయ్య గారు అడిగి ఉంటే, కాదనేవాణ్ణేమో. అడగలేదు. అది ఇంకా కష్టం.

కాదనేవాణ్ణి కాదు. ఎందుకు అబద్ధం.

27-10-85, ఆదివారం

ఈ రోజు చెప్పాను.

పొద్దున పొలం గట్టు మీద ఇద్దరం కూర్చున్నాం. భీమ్లా చద్ది మూట విప్పాడు. జొన్నరొట్టె సగం తుంచి నాకిచ్చాడు. స్టేజి మీద ఏం మాట్లాడాలో నాకు వినిపిస్తున్నాడు.

"పూజ్యులైన పెద్దలకు... గట్లనే మొదలువెట్టాలెనా కాకా? లేకపోతే సభకు నమస్కారం అంటే సాల్నా?"

"భీమ్లా," అన్నాను.

"ఆఁ."

"ఆ రోజు నువ్వే ఎక్కువ దూకావు."

నములుతున్నవాడు ఆగాడు. "ఏ రోజు?"

"కర్ర నేను వెనక గుచ్చాను."

నవ్వాడు. నేను హాస్యమాడాననుకున్నాడు. నేను హాస్యమాడే మనిషిని కానని గుర్తొచ్చిందేమో, నవ్వు ఆగిపోయింది.

"ఎంత?" అన్నాడు.

జానెడు పెట్టి చూపించాను. నా చేతినే చూశాడు.

"కావాల్ననే గుచ్చినవా?"

"కావాలనే."

"పున్నయ్య సారుకు ఎర్కేనా?"

"తెలియదు. వాళ్ళ నాన్నకు తెలుసు."

ఇంకేమన్నా తిడతాడనుకున్నాను. కొడతాడని కూడా అనుకున్నాను. కొడితే బాగుండేది. రొట్టె ముక్క మూటలో పెట్టి, ముడి వేసి, లేచాడు. కొడవలి అక్కడే మరచిపోయి కాలువ వెంట తండావైపు నడిచాడు.

కొడవలి ఇంటికి తెచ్చాను.

28-10-85

రాలేదు.

29-10-85

రాలేదు. నాగేంద్రమ్మ రెండు గ్లాసుల టీ ఎక్కువ పెట్టింది. "వాడితో ఏమన్నా అన్నావా?" అంది. లేదన్నాను.

31-10-85, గురువారం

మధ్యాహ్నం వచ్చాడు. అరుగు ఎక్కలేదు. వాకిట్లోనే నిలబడ్డాడు. నాగేంద్రమ్మ పక్కింటికి వెళ్ళి ఉంది. ఆమె లేదని చూసుకునే మాట్లాడాడు.

"కాకా, గా ముచ్చట ఇంకెవలికన్న చెప్పినవా?"

లేదన్నాను. కానీ చెబుతాను అన్నాను. సన్మానానికి ముందే రాందాస్‌కు, ప్రిన్సిపాల్ గారికి చెబుతాను. నీ పేరు మొదట రాయిస్తాను. మూడు రోజులుగా అదే ఆలోచిస్తున్నాను. ఇంత పొడుగు మాట నేను ఎప్పుడూ మాట్లాడలేదు.

భీమ్లా రెండు చేతులూ జోడించాడు.

"వద్దు కాకా. నీ కాళ్ళు మొక్కుత. నోరు తెరవకు."

"ఎందుకురా?"

"ఎందుకంటవేంది? ఆయన మిల్లుల ఆయన్నే పని అడుగుతున్న. ఆయన దొంగతనంగ గెలిచిండని సన్మానం దినం చెప్తే, నాకు పని ఇస్తడా? తంతడు. నేను ఓడినోణ్ణి గనకనే స్టేజి ఎక్కిస్తుండ్రు. గెలిచినోణ్ణంటే ఎవలు ఎక్కిస్తరు?"

"నువ్వు గెలిచావు భీమ్లా."

"గెలిచి ఏం జేయాలె గిప్పుడు?" గొంతు పెరిగింది. మళ్ళీ తగ్గించాడు. "ముకద్దంకు ఈ ఏడు రానని చెప్పేసిన. నా జాగల ఇంకొకణ్ణి వెట్టుకున్నడు. దేవీబాయికి ఒట్టేసి చెప్పిన, ఈసారి లారీ ఎక్కేది లేదని. పోరి పుస్తకాలకు అట్టలేసుకుంటుంది. గిదంతా ఖరాబు జేస్తవా నువ్వు? పదహారేండ్లు ఊకున్నవ్. ఇంకో పదిహేను దినాలు ఊకోరాదు!"

సరే అన్నాను.

కొడవలి తెచ్చి ఇచ్చాను. తీసుకున్నాడు.

1-11-85

చెప్పకుండా ఉండడం నాకు కొత్త కాదు.

10-11-85, ఆదివారం

కాలేజీ గ్రౌండుకు పిలిపించారు. పాత గుంట ఎప్పుడో పూడిపోయింది. మీద గడ్డి. నాకు మాత్రం ఎక్కడుందో తెలుసు. ప్రహరీ వైపు నిమ్మచెట్టు ఉన్న చోటు నుంచి అడుగులు వేసుకుని, కాలు మోపి దూకే బోర్డు ఉన్న జాగా చూపించాను. రాందాస్ అక్కడ నుంచి టేపు పెట్టాడు. పంతొమ్మిది అడుగుల నాలుగు అంగుళాల దగ్గర ఇటుకలు పేర్చి సిమెంటు దిమ్మె పోయించారు.

రాందాస్‌కు ఒక ఆలోచన వచ్చింది. దిమ్మె మీద రెండు గీతలు గీయాలట. పై గీత పున్నయ్యది. దాని కింద భీమ్లాది. మధ్య రెండు వేళ్ళ ఎడం. "పోరగాళ్ళకు తెలవాలె, గింతల జిందగీ మారుతదని" అన్నాడు. తాపీ మేస్త్రీ సిమెంటు నున్నగా పాముతున్నాడు. ప్రిన్సిపాల్ గారు వచ్చి నిలబడ్డారు. ఇద్దరు లెక్చరర్లు. భీమ్లా కూడా.

"కాకా, అప్పుడు చూసింది మీరే. మీ చేత్తోనే గీయాలె" అని రాందాస్ నా చేతిలో మేకు పెట్టాడు.

వంగాను. తడి సిమెంటు. మొదటి గీత గీశాను. అది పున్నయ్యది. అది నిజమైనదే.

రెండో గీత. మేకు పై గీతను దాటి ఉంది, అవతలి వైపు. నా చేయే అటు పోయింది. నేను పంపలేదు. అక్కడ పెట్టి లాగితే చాలు. ఒక్క మాట మాట్లాడే పని లేదు. నాలాంటివాడికి అంతకంటే తేలిక దారి దొరకదు.

భీమ్లా నా పక్కన చతికిలబడ్డాడు. సిమెంటు చూస్తున్నట్టు వంగి, నా చెవి దగ్గర నెమ్మదిగా అన్నాడు.

"కాకా. దేవ్లి."

అంతే అన్నాడు.

మేకు వెనక్కి తెచ్చాను. రెండు వేళ్ళు పెట్టి కొలిచి, గీశాను. గీత కొంచెం వంకర పోయింది. మేస్త్రీ దిద్దబోతే రాందాస్ వద్దన్నాడు. పెద్దాయన చేతి గీత, అట్లనే ఉండనీ అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

భీమ్లా కూడా కొట్టాడు.

12-11-85

దీపావళి. రెండు దీపాలు పెట్టింది నాగేంద్రమ్మ. భీమ్లా రాలేదు. పనులున్నాయేమో.

17-11-85, ఆదివారం

సన్మానం జరిగింది.

షామియానా, మైకు, బ్యాండు. పిట్లం నుంచి, బోధన్ నుంచి మిల్లర్లు జీపుల్లో వచ్చారు. పున్నయ్య కారు దిగగానే నన్ను ఎక్కడ చూశాడో, నేరుగా వచ్చి కాళ్ళకు దండం పెట్టాడు. బొద్దుగా అయ్యాడు. జుట్టు పలచబడింది. ముప్పై ఆరేళ్ళకే.

"బాబాయ్, బాగున్నారా? నాన్న ఆఖరి రోజుల్లో కూడా మీ పేరే తలుచుకున్నాడు. భద్రయ్య మనవాడురా, వాణ్ణి మర్చిపోకు అనేవాడు. ఎందుకో అడగలేదు నేను."

నవ్వాను. నవ్వాననే అనుకుంటున్నాను.

పున్నయ్యకు తెలియదు. ఆ కళ్ళు చూస్తే తెలుస్తుంది. తెలిసి ఉంటే బాగుండేది. అప్పుడు ఇద్దరం ఉండేవాళ్ళం.

శాలువా కప్పారు. సన్మాన పత్రం చదివారు. అందులో ఆయన పక్షిలాగా ఎగిరాడని రాశారు. తర్వాత భీమ్లాను పిలిచారు. అరువు తెచ్చుకున్న తెల్ల చొక్కా భుజాల దగ్గర బిగువుగా ఉంది. సభకు నమస్కారం అన్నాడు. ఆ తర్వాత మాట రాలేదు. పున్నయ్యే లేచి మైకు తన వైపు తిప్పుకుని, "అప్పుడు మనిద్దరికీ తేడా ఎంత భీమ్లా? చెప్పు" అన్నాడు, స్నేహంగా.

భీమ్లా రెండు వేళ్ళు ఎత్తి చూపించాడు.

సభంతా నవ్వులు, చప్పట్లు. తండా వాళ్ళు వెనక నిలబడి ఈలలు వేశారు. ఫొటో తీసేవాడు, "అన్నా, గట్లనే ఉండు, చెయ్యి దించకు" అని అరిచాడు. దించలేదు. ఫొటో మంచిగా రావడానికి పున్నయ్య చెప్పు విప్పి, కిందికి దిగి, దిమ్మె మీద కాలు పెట్టాడు. భీమ్లాను పక్కన నిలబెట్టారు. నన్ను కూడా లాగారు. నేను చివర నిలబడ్డాను.

రాందాస్ మాట తప్పలేదు. మైకులో అడిగాడు. పున్నయ్య భీమ్లా భుజం మీద చేయి వేసి, "రుద్రూరు దగ్గరి మా మిల్లులో కాంటా పని ఇతనిది. నాతో సమానంగా దూకినవాడు నా మిల్లులో లేకపోతే ఎలా?" అన్నాడు.

దేవీబాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. దేవ్లి చప్పట్లు కొట్టింది. నా పక్కన కూర్చున్న మా వీధి ఎల్లన్న, "ఏమన్నా మనసున్న మారాజు" అన్నాడు.

అవునన్నాను. అవునే. చెడ్డవాడు కాదు.

18-11-85

ఎవరి బాధ వాళ్ళది అనుకున్నాను. ఇది అయిపోయింది. మంచే జరిగింది. మంచే జరిగింది.

23-11-85

మా ఎకరం కోత. భీమ్లా, దేవీబాయి, తండా వాళ్ళు నలుగురు. గట్టు మీద నిలబడ్డాను. భీమ్లా పని చూపిస్తూనే ఉన్నాడు, మాట మాత్రం అవసరమైతేనే. మధ్యాహ్నం రొట్టె అందరూ తిన్నారు. నాకు దేవీబాయి ఇచ్చింది.

26-11-85, మంగళవారం

భీమ్లా మిల్లుకు వెళ్ళాడు. మేనేజరు అక్కడ లేడట. మళ్ళీ రమ్మన్నారట. రాందాస్ చెప్పాడు.

3-12-85

మళ్ళీ వెళ్ళాడు. మేనేజరు ఉన్నాడు. పేరు రాసుకున్నాడు. కబురు చేస్తామన్నాడు.

6-12-85, శుక్రవారం

కబురు రాలేదు. సాయంత్రం నేనే తండాకు వెళ్ళాను. ఈ ఆరేళ్ళలో పోవడం ఇది రెండోసారి. భీమ్లా మంచం నేస్తున్నాడు. లేచి, మంచం వాల్చబోయి, అది సగమే నేసి ఉందని నవ్వాడు. రాతి మీద కూర్చున్నాను.

"పున్నయ్య గారినే నేరుగా అడుగుదాం. నేను వస్తాను" అన్నాను.

"నువ్వొస్తవా?" నమ్మలేనట్టు చూశాడు. "వచ్చి మాట్లాడుతవా?"

"మాట్లాడతాను."

దేవీబాయి వాళ్ళ భాషలో ఏదో అంది. భీమ్లా నాకు చెప్పాడు. "పెద్దాయనను బస్సులల్ల తిప్పకు అంటుంది."

9-12-85, సోమవారం

రుద్రూరు వెళ్ళాం. బస్సు దిగి రెండు మైళ్ళు నడక. మిల్లు పెద్దది. గేటు దగ్గర ఊక కుప్ప మేడ అంత ఎత్తు. లారీలు వరసగా ఉన్నాయి. పున్నయ్య లేడు. హైదరాబాదులో ఏదో సంఘం సమావేశం.

మేనేజరు చిన్నవాడు. మా వైపువాడే, మాట పోలిక బట్టి తెలిసింది. నాకు కుర్చీ వేశాడు. భీమ్లా నిలబడ్డాడు.

"కాంటా పని పోయినవారం భర్తీ అయిపోయిందండీ. అయ్యగారి బావమరిది తరఫు వాళ్ళెవరో."

అయ్యగారు అందరి ముందూ మాటిచ్చారు అన్నాను.

"సభల్లో ఆయన చాలా అంటారండీ. నాలుగు ఊళ్ళలో సన్మానాలు అయ్యాయి పోయిన నెల. నలుగురికి ఇదే పని ఇచ్చారు. ఉన్నది ఒక్కటే." నవ్వాడు. చెడ్డ నవ్వు కాదు. అలిసిపోయిన నవ్వు. "మళ్ళీ సీజనుకు చూద్దాం. హమాలీ పని కావాలంటే ఇప్పుడే పెట్టుకుంటాను."

భీమ్లా నడుము పట్టుకుని చూపించాడు. "చెరుకు మోపులు ఎత్తి ఎత్తి గిక్కడ పట్టిందయ్యా. బస్తాలు మొయ్యలేను."

చాలా అనుకుని వచ్చాను. పదహారేళ్ళ క్రితం ఈ మనిషే గెలిచాడు, నేను దొంగగుర్తు పెట్టాను అని చెప్పేద్దామనుకున్నాను. ఆ పిల్లవాడికి చెప్పి ఏం లాభం? లేచాను.

బస్సులో భీమ్లా కిటికీ పక్కన కూర్చున్నాడు. మా బాన్సువాడ వచ్చింది. దిగాక, "ఇంటికి పో కాకా. అమ్మ ఎదురు చూస్తుంటది" అన్నాడు.

10-12-85

నాగేంద్రమ్మకు చెబుదామనుకున్నాను. నోరు తెరిచాను. "ఏంటి, ఆకలా?" అంది. పెట్టింది. తిన్నాను.

12-12-85, గురువారం

తండాలో మిగిలిన జనాన్ని తీసుకుపోవడానికి రెండో లారీ వచ్చిందని ఎల్లన్న చెప్పాడు. ముందు పోయిన జట్టుకు మంచి తోటలు. ఆలస్యంగా పోయేవాళ్ళకు దూరం తోటలు, ముదురు చెరుకు.

బస్టాండు దాటి రోడ్డు పక్కన లారీ ఆగి ఉంది. వంటగిన్నెలు, మూటలు, మేకపిల్లలు, పిల్లలు, ముసలివాళ్ళు అన్నీ కలిపి ఎక్కిస్తున్నారు. దేవీబాయి పైన ఉంది. దేవ్లిని అందుకుంటోంది. దేవ్లి నన్ను చూసి చేయి ఊపింది. వాళ్ళమ్మ చేయి పట్టి కూర్చోబెట్టింది.

భీమ్లా కింద మూట కడుతున్నాడు. దగ్గరికి వెళ్ళాను.

"ఇప్పుడు చెబుతాను" అన్నాను. "రాందాస్‌కు చెబుతాను. ప్రిన్సిపాల్‌కు చెబుతాను. ఆ దిమ్మె కొట్టించి మళ్ళీ గీయిస్తాను. ఇప్పుడు భయం లేదు కదా. పోయేది ఏమీ లేదు కదా నీకు."

అన్నాక తెలిసింది, ఎంత పాడు మాట అన్నానో.

భీమ్లా ముడి బిగించాడు. పంటితో తాడు లాగి ఇంకో ముడి వేశాడు.

"ఎవలికి చెప్తవ్ కాకా? రాందాస్ సారుకా? నవ్వుతడు. ముసలాయనకు మతి పోయిందంటడు. తండోళ్ళకా? వాళ్ళు నన్ను స్టేజి మీద చూసిండ్రు. పున్నయ్య సారు నా భుజం మీద చెయ్యేసిండని గిప్పటికీ చెప్పుకుంటుండ్రు. గది గూడ తీసేస్తవా?"

డ్రైవరు హారన్ కొట్టాడు. ముకద్దం పేర్లు పిలుస్తున్నాడు. "రెండు వేళ్ళ భీమ్లా!" అని అరిచాడు. భీమ్లా చేయి ఎత్తాడు, వస్తున్నానన్నట్టు.

మూట పైకి విసిరి, చక్రం మీద కాలు పెట్టి, ఆగాడు. నా వైపు తిరిగాడు. కోపంగా లేడు. అంత నెమ్మదిగా అతను మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు.

"అన్నేండ్లు నేను మంచిగ ఓడిన కాకా. పండుకుంటే నిద్ర వస్తుండె. నువ్వు నాకు గూడ చెప్పకుంట ఉంటే మంచిగుండేది."

ఎక్కాడు. లారీ కదిలింది.

ఇంటికి వచ్చాను. నాగేంద్రమ్మ ధాన్యం చెరుగుతోంది. తల ఎత్తకుండానే, "వెళ్ళాడా? ఏమన్నాడు పోతూ?" అంది.

ఏమీ అనలేదన్నాను.